అజ్ఞాత గారి దిద్దుబాట్లు

ఈ మధ్య పెళ్లిపత్రికలు మోగుతున్నాయి. మొన్న మా సుచిత్ర చౌరస్తాలో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఫోనులో ఒకటి విప్పానో లేదో, సన్నాయి, డోలు కలిసి గది నిండా వాయించాయి. పక్కన చెంప వాచి కూర్చున్న పెద్దమనిషి నన్ను చూసిన చూపులో ఆశీర్వచనం ఏమీ కనపడలేదు. అయితే ఫోను పిలుపుల మీద ఫిర్యాదు చేసే అర్హత నాకు లేదు. 2009లో అదే సుచిత్రలో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి సొంత అక్కను ఫోనులో పిలిచినవాణ్ని నేను.

అక్క ఉండేది అలియాబాద్‌లో, బస్సెక్కితే గంట దూరం. ఇంటి ఆడబిడ్డను వెళ్లి బొట్టు పెట్టి పిలవాలని, కొత్తింట్లో పాలు పొంగించేది ఆమేనని తెలియక కాదు. నేను పాఠాలు చెప్పే మేడ్చల్ కాలేజీలో పరీక్షల రోజులు, నేను లేకపోతే పిల్లలు తప్పుతారని నా నమ్మకం. నేనున్నా తప్పారు. అక్క రాలేదు. పాలు చిన్నమ్మ కూతురు పొంగించింది. ఆ రోజు నుంచి అక్కకూ నాకూ మాటల్లేవు.

మాట్లాడే మనిషి ఒకరు తగ్గినందువల్లనో ఏమో, ఆ ఏడే బ్లాగు మొదలుపెట్టాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగుగా మారే ఆ వింత, టపా వేసి వ్యాఖ్య కోసం గంటకోసారి తొంగిచూడటం. నాకు ఏడుగురు పాఠకులు. అందులో నలుగురు, వాళ్ల బ్లాగు నేను చదవాలని నాది చదివేవాళ్లు. మా అమ్మానాన్నల ముచ్చట్లు, శామీర్‌పేట చెరువులో బాపు వల వేయడం, అవ్వ ఎండబెట్టిన చేపలకు పిల్లి కాపలా కాయడం లాంటివి రాసుకునేవాణ్ని. చిన్నప్పుడు ఆ చెరువులో మునగబోయి నా అంతట నేనే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చానని రాసిన టపా కింద, 'అజ్ఞాత' పేరుతో ఒక వ్యాఖ్య వచ్చింది: ఈదలేదట, జుట్టు పట్టి లాగితే వచ్చానట. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకణ్ని నేను, రెండోది ఇంట్లో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్న అక్క. ఇంటర్ చదివే మేనకోడలు నెట్ సెంటర్‌లో టైపు చేస్తుంటే పక్కన నిలబడి చెబుతోందన్నమాట.

అజ్ఞాత గారికి ధన్యవాదాలు, సరిచేశాను అని జవాబు రాశాను. అక్కను 'గారు' అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ తర్వాత ఆమె రాక కోసం తప్పులు రాయడం నేర్చుకున్నాను. నల్ల మేకను తెల్లది చేశాను, చేపల పులుసులో చింతపండుకు బదులు మామిడికాయ వేశాను. వారం తిరక్కుండా దిద్దుబాటు వచ్చేది. మూడేళ్లు మా మాటలన్నీ అలాగే సాగాయి.

ఆనక అందరూ సోషల్ నెట్‌వర్క్‌కు వలసపోతే నేనూ పోయాను. నాలుగు లైన్లు రాస్తే గంటలో వంద లైకులు. మా ప్రిన్సిపాల్ అయితే చదవడానికి పట్టే వ్యవధి కూడా తీసుకోకుండా మెచ్చుకునేవారు. సంతోషం కలగలేదని అనను. కానీ అక్కడ అజ్ఞాతలకు చోటు లేదు, పేరు చెప్పుకునే లోపలికి రావాలి. మేనకోడలు అక్కకూ ఖాతా తెరిచినట్టుంది. ఈమె మీకు తెలిసి ఉండవచ్చు అని ఒకరోజు ఆ తెర నాకే పరిచయం చేసింది. బటన్ నొక్కాను. ఏడాదైనా ఆ ఫ్రెండ్ రిక్వెస్టు గడప బయటే నిలబడి ఉంది. నేను పంపిన బొట్టు లేని పిలుపుల్లో అది రెండోదని అప్పటికి గాని తట్టలేదు.

2013లో మళ్లీ బ్లాగుకు వెళ్లి, మా గృహప్రవేశం గురించి రాసి, ఆ రోజు పాలు మా అక్కే పొంగించిందని ముగించాను. మర్నాడే వ్యాఖ్య వచ్చింది: 'పొంగియ్యలే. పిలిస్తే గదా.' ఆదివారం మా ఆవిడ కుంకుమభరిణ పట్టుకోగా ఇద్దరం అలియాబాద్ బస్సెక్కాము. బొట్టు పెట్టించుకునేటప్పుడు అక్క నా వైపు చూడలేదు గానీ, అన్నం పెట్టకుండా పంపలేదు. తర్వాతి వారం వచ్చి, నాలుగేళ్లు వాడిన మా పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగి మంట ఆరిపోయేదాకా పక్కనే నిలబడింది. మా ఆవిడ పొయ్యి గట్టు తుడిచింది.

ఇప్పుడు అక్క రోజూ పొద్దున్నే ఫోనులో పువ్వుల బొమ్మ పంపుతుంది, నేను దండం బొమ్మ పంపుతాను. ఒకరినొకరు దిద్దుకునే శ్రమ ఇద్దరికీ తప్పింది. ఆ నాలుగు లైన్ల కింద కురిసిన లైకులు వెతికినా దొరకవు గానీ, బ్లాగు మాత్రం బాపు వలతో, అవ్వ పిల్లితో, అజ్ఞాత గారి దిద్దుబాట్లతో సహా పెట్టినచోటే ఉంది. మళ్లీ అందులో రాద్దామనుకుంటున్నానని నిన్న అక్కకు చెప్పాను.

"రాయిరా. గీసారన్నా సక్కగ రాయి. గా తప్పులన్నీ కావాలనే రాస్తున్నవని నాకు గప్పుడే ఎరుక" అంది.