కొట్టు గదికి కాగితం లేని రోజులు

మొన్న ఆదివారం మా కోడలు, బ్యూటీ పార్లర్ కోసం భవానీపురంలో మాట్లాడుకున్న గది తాలూకు అద్దె ఒప్పందం తెచ్చి, ఒకసారి చూడండి అత్తయ్యా అని నా చేతిలో పెట్టింది. స్టాంపు కాగితం, పదకొండు నెలల గడువు, ఇద్దరు సాక్షులకు చోటు. దుకాణం పెట్టడం వల్ల పెరిగే ఇంటి పన్ను ఎవరు కట్టాలో ఒక పేరా నిండా రాసి ఉంది. దాన్ని నేను రెండుసార్లు చదివించుకుంటే, అర్థం కాలేదనుకుని తను విడమరచి చెప్పబోయింది. అర్థం కాక కాదు. అలాంటి పేరా ఒకటి లేకపోబట్టే, ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వేసవంతా నాకు అన్నం సహించలేదు.

అప్పట్లో మా ఆయన వన్ టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టులో గుమాస్తాగా ఉండేవారు. కంకిపాడు దగ్గర మా పల్లెలో ఉన్న కాస్త పొలం అన్నదమ్ముల పంపకాల్లో పోగా, నా కుట్టుమిషను ఒక్కటి వెంటబెట్టుకుని బెజవాడ వచ్చేశాం. చీరలకు ఫాల్స్ కుట్టడం, జాకెట్లు కుట్టడం నాకు పెళ్ళికి ముందే వచ్చు కాబట్టి, బట్టల కొట్లకు దగ్గరగా ఉంటే పని దొరుకుతుందని ఆయన వాకబు చేసి, పక్క సందులో ఒక పాత మిద్దె ఇంటి వీధి గది చూశారు. అద్దె మాట్లాడుకోవడమంటే ఇంటి పెద్దాయనతో అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగడమే. మా ఆయన మొహమాటపడుతూనే కాగితం ఏమైనా రాసుకుందామా అంటే పెద్దాయన నవ్వేశారు. "కాగితం దేనికయ్యా? నేనెక్కడికి పోతాను, మీరెక్కడికి పోతారు? పన్నులూ అవీ నేను చూసుకుంటాలే" అన్నారు. ఆ రోజుల్లో చిన్న వ్యాపారం చేసిన మీలో చాలామందికి ఇది వింతగా అనిపించదు. ఒకటో తారీఖున అద్దె ఆయన చేతిలో పెట్టేదాన్ని. రసీదు అడగాలని నాకూ తోచలేదు, ఇవ్వాలని ఆయనకూ తోచలేదు.

రెండో ఏడాది మునిసిపల్ ఆఫీసు నుంచి ఇళ్ళు కొలిచేవాళ్ళు వచ్చారు. వాళ్ళు పక్కింట్లో ఉండగానే పెద్దాయన గబగబా నా గదిలోకి వచ్చి, "అమ్మాయ్, అడిగితే నా చెల్లెలి కూతురినని చెప్పు. కొట్టు అని రాస్తే పన్ను రెండింతలు పడుద్ది, అది తిరిగి నీ అద్దె మీదే పడుద్ది" అన్నారు. నేను అలాగే చెప్పాను. వచ్చినాయన ఆ మాటే రాసుకుని, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అద్దె పెరగలేదు. ఆ మేలు నేను అనుభవించాను కాబట్టి, పెద్దాయన ఒక్కరే తప్పు చేశారని ఈ రోజుకీ అనను.

పని పెరిగింది. పెళ్ళిళ్ళ రోజుల్లో చీరల కట్టలు వేసుకొచ్చే తోపుడు బళ్ళు మా మెట్లకు ఆనుకుని ఆగేవి. ఇంకో రెండు మిషన్లు కొన్నాను, ఇద్దరు ఆడవాళ్ళు పనికి కుదిరారు, వాళ్ళలో ఒకామె తన ముగ్గురు పిల్లల చదువులూ ఆ మిషను మీదే లాక్కొచ్చింది. ఇంతలో పెద్దాయన పోయారు. అద్దె ఆయన భార్యకు ఇవ్వసాగాను. ఆవిడ వీధి వైపు వచ్చేదే తక్కువ. డబ్బు అందుకుని, గ్లాసుడు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేది.

మరుసటి ఏడాది వేసవిలో నేను ముచ్చటపడి గది ముందు పెద్ద బోర్డు పెట్టించాను. నెల తిరక్కుండా బిల్ కలెక్టరు వచ్చి బోర్డు చూశాడు, మిషన్లు లెక్కపెట్టాడు, వెళ్ళిపోయాడు. తర్వాత నోటీసు వచ్చింది. అన్నేళ్ళ నుంచి కొట్టుగా వాడుతూ ఇంటి లెక్కన పన్ను కడుతున్నారు కాబట్టి, తేడా మొత్తం వడ్డీతో సహా నెల రోజుల్లో కట్టాలి, లేకపోతే గదికి సీలు వేస్తారు.

పెద్దావిడ కొడుకు గుంటూరులో ఉద్యోగం చేసేవారు. నోటీసు సంగతి తెలిసి ఆదివారం వచ్చారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి లోను. మొత్తం నేనే కట్టాలన్నారు, లేదంటే ఖాళీ చేయమన్నారు. పన్ను సంగతి మీ నాన్నగారు చూసుకుంటానన్నారండీ అన్నాను. ఎక్కడ రాసుందో చూపించమన్నారు. ఇన్నేళ్ళుగా అద్దె ఇస్తున్నానండీ అంటే, రసీదు ఏదన్నారు. నా దగ్గర ఏమీ లేదు.

ఆఫీసుకు వెళ్తే ఇంకో చిక్కు. అక్కడి అధికారి పాత ఫైలు తిరగేసి, నా సంతకం నాకే చూపించాడు. "అప్పుడు మేనకోడలినన్నారు, ఇప్పుడు అద్దెకున్నానంటున్నారు. మీరు ఇంటి మనిషా, అద్దె మనిషా? ముందు అది తేల్చుకుని రండమ్మా" అన్నాడు. మాట కటువుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. కానీ చుట్టూ నలుగురు ఉన్నారు. నా సంతకాన్ని చూసి అంతగా సిగ్గుపడటం నాకు అదే మొదలు.

మర్నాడు మిషన్ల మీద దుప్పట్లు కప్పుతుంటే పెద్దావిడ వీధి గదిలోకి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో గొడుగుతో ఉంది. "రిక్షా పిలువు, ఆఫీసుకి పోదాం" అంది. అక్కడ ఆ అధికారి ఎదుట, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. "ఈ అమ్మాయి మా ఇంటి మనిషి కాదు బాబూ, అద్దెకుంది. మా ఆయన చెప్పమంటే చెప్పింది. తలుపు వెనకాల ఉండి విన్నాను, అబద్ధమని తెలిసీ ఊరుకున్నాను. దానివల్ల మిగిలింది ఇద్దరం తిన్నాం, ఇద్దరం కడతాం. వాయిదాలు ఇప్పించు."

కొడుకుకు కోపం వచ్చింది, మూడు నెలలు తల్లిని చూడటానికి రాలేదు. ఆవిడ తన సగం కోసం నన్నే ఆరు నెలల అద్దె ముందుగా ఇమ్మంది. నేను కొత్త మిషను ఒకటి అమ్మేశాను, మా ఆయన జీతం మీద అడ్వాన్సు తెచ్చారు. నాలుగు వాయిదాల్లో తీరింది. ఆ రోజు నుంచి ఆ గది మునిసిపల్ లెక్కల్లో కొట్టే. అద్దె దాదాపు రెట్టింపయింది, నేను నోరెత్తలేదు. పనిచేసే ఇద్దరిలో ఎవరినీ మాన్పించాల్సిన అవసరం రాలేదు, నాకు అదే పెద్ద ఊరట. కొన్నాళ్ళకు కొడుకు తన కూతుళ్ళ ఓణీల మీదికి జాకెట్లు కుట్టించడానికి వచ్చి, బేరమాడకుండా డబ్బిచ్చి వెళ్ళారు. అంతకుమించి మా మధ్య ఆ ప్రసక్తి రాలేదు.

పెద్దావిడ పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల భవనం, కింద వరసగా షట్టర్లు. ఆ రోజులే మంచివని నేను అనను. కాగితం లేనివాళ్ళను ఒక్క పూటలో వీధిలో నిలబెట్టవచ్చు, నన్ను నిలబెట్టేవారే. మా కోడలికి అలాంటి భయం లేదు, సంతోషం. అయితే ఆ గది యజమానిని తను ఇంతవరకు చూడలేదు. ఆయన హైదరాబాదులో ఉంటారట, అద్దె ఫోన్లోనే వెళ్ళిపోతుందట. నేనూ అంతే, మా ఫ్లాటు పన్ను మనవడి చేత ఫోన్లోనే కట్టిస్తాను. నిమిషం పట్టదు. తలుపు తట్టేవాళ్ళు లేరు, అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్ళు లేరు, ఈ ఇంటికి నువ్వేమవుతావమ్మా అని అడిగేవాళ్ళూ ఎవరూ లేరు.