తుప్పును సాకడం

రోగాన్ని బతికించి ఉంచడం నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే ఇంతే చెప్పి ఊరుకుంటాను. మిగతా వివరం మొదలుపెట్టగానే వాళ్ల చూపు ఫోన్ వైపు పోతుంది, నాకూ చెప్పాలనిపించదు.

మా ల్యాబ్ పాశమైలారంలో ఉంది. పంట తెగుళ్లకు మందులు తయారుచేసే కంపెనీలు ఆ మందు పనిచేస్తుందో లేదో మా దగ్గర పరీక్ష చేయించుకుంటాయి. మందును పరీక్షించాలంటే ముందు రోగం ఉండాలి కదా. నా వంతుకు వచ్చింది కాఫీ ఆకు తుప్పు. ఆకు అడుగున నారింజ రంగు పొడిగా లేస్తుంది. ఆకులు రాలి చెట్టు మోడవుతుంది. కాఫీ ఈ ప్రాంతంలో పండదు. బయట ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల గ్లాస్ హౌస్‌లో తడి మెత్తలు, ఫ్యాన్లు పెట్టి ఆ మొక్కలను కొండ మీద ఉన్నామని నమ్మించాలి. నమ్ముతాయి కూడా. మొక్కలకు మనుషులంత అనుమానం ఉండదు.

చాలా బూజులను గాజు పళ్లెంలో ఇంత తిండి వేసి పెంచుకోవచ్చు. తుప్పు అలా కాదు. దానికి బతికున్న ఆకే కావాలి. ఆకు చస్తే అదీ చస్తుంది. అందుకని మంచి ఆకుల నుంచి బిళ్లలు కోసి, ప్లాస్టిక్ పెట్టెలో తడి స్పాంజి మీద బోర్లా పరిచి, పాత ఆకు మీది పొడిని సన్న బ్రష్‌తో వాటికి అంటించాలి. నెల తిరిగేసరికి ఆ బిళ్లల మీద కొత్త పొడి లేస్తుంది. అవి వాడిపోయేలోగా మళ్లీ కొత్త బిళ్లలు. పండగ లేదు, సెలవు లేదు. మా దగ్గరున్న రకం ఎక్కడో కొండ మీది తోట నుంచి వచ్చింది. ఆ తోటను తర్వాత పీకేసి ఇంకేదో వేసుకున్నారు. పరీక్షలన్నీ ఈ రకం మీదే జరిగాయి కాబట్టి ఇది పోతే మళ్లీ దొరకదు.

మా ఆయనకు నా పని పెద్ద పరాచికం. ఆయన కూడా మందుల ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. "మేము దవా తయారు జేస్తం, నువ్వు బీమారికి బువ్వ పెడ్తవు. మనిద్దరుంటే దునియాల దుకాణం బంద్ కాదు పో" అనేవాడు. తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయో ఎవరూ తేల్చి చెప్పలేదు. మేం ఉండేది ఇస్నాపూర్‌లో, అత్తమ్మతో కలిసి. కింది గదులు ఫ్యాక్టరీల్లో పనిచేసే బీహార్, ఒడిశా కుర్రాళ్లకు కిరాయికిచ్చి పైన మేం ఉంటాం. పొద్దున ల్యాబ్‌లో పెట్టెలు తెరిచి తడి చూసుకునేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన తాగే నీళ్లు కొలిచి ఇచ్చేదాన్ని, పాదాల వాపు వేలితో నొక్కి చూసేదాన్ని. డయాలిసిస్‌కు సంగారెడ్డి తీసుకుపోయి తీసుకొచ్చేదాన్ని. ఎందులోనూ తేడా రానివ్వలేదు. అయినా ఆయన ఒక మధ్యాహ్నం అన్నం తిని, గోడకు ఒరిగి కూర్చుని, అలాగే పోయాడు.

నేను ఏడవలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఏడుపు రాలేదు, అంతే. వచ్చిన ఆడవాళ్లు నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూ ఏడుస్తూ, మధ్యలో ఆపి నా మొహంలోకి చూసేవాళ్లు, అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసినట్టు. ఇంకా ఉడకలేదని తెలిశాక మళ్లీ అందుకునేవాళ్లు. నాకు ఫ్యాన్ చప్పుడు వినిపించేది, ఎవరో వాడిన కొబ్బరినూనె వాసన తెలిసేది. మూడో రోజు ఆయన పేరున అన్నం పెట్టి చూస్తుంటే కాకి వెంటనే వచ్చి ముట్టింది. ఏ కోరికా మిగుల్చుకోకుండా పోయాడన్నారు. సరే అనుకున్నాను.

నాలుగో రోజు మేడమ్ ఫోన్ చేసింది. మా ల్యాబ్‌లో అందరికంటే పెద్దామె ఆమె, విశాఖ వైపు మనిషి, నులిపురుగుల మీద చదువుకుంది. కాఫీ వేళ్లను తినే నులిపురుగులు ఆమె ఉద్యోగం, సముద్రపు బురదలో ఉండే నులిపురుగులు ఆమె సంతోషం. సెలవు దొరికితే తీరానికి పోయి సీసాల నిండా బురద తెచ్చుకుంటుంది. కంటికి కనిపించని ఆ పురుగుల తోకలూ నోళ్లూ గీసుకుంటూ మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది.

"ఇలాంటప్పుడు నిన్ను అడగకూడదమ్మా," అంది. "పెట్టెలన్నిటికీ తెల్ల బూజు పట్టింది. ఒక్కటి మిగిలినట్టుంది, అదీ నమ్మకం లేదు. ఎలా చెయ్యాలో చెప్పు, నేనే చేస్తాను."

తుప్పును తినే తెల్ల బూజు ఒకటుంది. రోగానికి రోగమన్నమాట. బ్రష్ కొనకు అది కాస్త తగిలిందంటే, బాగున్న పెట్టెకు కూడా మన చేత్తో మనమే అంటిస్తాం. ఫోన్లో చెప్పి చేయించే పని కాదు. ఆ పని వచ్చిన ఇంకో అమ్మాయి ప్రసూతి సెలవులో ఉంది. ఫోన్ పెట్టేశాక నా గుండె దడదడలాడింది. మొగుడు పోయినప్పుడు రాని దడ ఆకు మీది తుప్పు పోతుందంటే వచ్చింది. సిగ్గేసింది. అయినా దడ తగ్గలేదు.

బావకు చెప్పాను. మా ఆయనకు అన్న, కర్మ చేస్తున్నది ఆయనే.

"పదొద్దులు అయ్యేదాంక గడప దాటొద్దమ్మా. ఎరుకలేదా నీకు?" అన్నాడు. "ఏం బీమారి అది? మనుషులదా?"

"కాదు బావ. కాఫీ చెట్టుది."

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. మతి తప్పిందనుకున్నాడు పాపం.

అత్తమ్మ మూలకు కూర్చుని వింటోంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "ఇయ్యాల పోకుంటే ఏమైతది?" అంది.

"సస్తది అత్తమ్మ."

"పోతే బతుకుతదా?"

"బతకొచ్చు."

ఆమె నేల మీద చెయ్యి ఆనించి లేచింది. "నడు. నేను గూడ వస్త. ఒక్కదానివి పోతే నల్గురు అంటరు, అత్తతోని పోతే ఎవడంటడు?" బావ ఏదో అనబోయాడు. "నువ్వు జెర సప్పుడు జెయ్యకు బిడ్డా. పోయినోడు నా కొడుకే," అంది. ఆటోలో దారి పొడుగునా తన కొంగు నా తల మీద కప్పి పట్టుకుంది.

మేము వెళ్లేసరికి మేడమ్ బల్ల మీద మిఠాయి డబ్బా ఉంది. మమ్మల్ని చూసి దాన్ని బురద సీసాల వెనక్కి తోసేసింది. అత్తమ్మ కంట అది పడనే పడింది.

"ఏం సంబరం?" అంది.

మేడమ్ మొహం చిన్నబోయింది. "సంబరమేం లేదమ్మా. సముద్రంలో ఒక కొత్త పురుగు... దాని గురించి నేను రాసింది పత్రికవాళ్లు ఒప్పుకున్నారు. అందరికీ పంచాను."

"గిప్పుడు పుట్టిందా?"

"పుట్టలేదమ్మా. ఎప్పటినుంచో ఉన్నదే. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు."

అత్తమ్మ తలూపింది. పురుగు సంగతి ఆమెకు అర్థమైందో లేదో గాని, మేడమ్ తప్పేమీ చేయలేదన్నది మాత్రం ఆ తలూపడంలో ఉంది. నేను సీసాల వెనక నుంచి డబ్బా తీసి ఒక పేడా తిన్నాను. ఆకలేసింది. చావింటి మనిషిని, తీపి ముట్టకూడదని మింగాక గుర్తొచ్చింది. ఇద్దరూ చూశారు.

అప్పుడు నా చేతుల నిండా ఆకుపచ్చ గాజులున్నాయి. పుట్టింటివాళ్లు తెచ్చి తొడిగినవి, పదో రోజు అందరి మధ్య పగలగొట్టడానికి. ల్యాబ్‌లో మాత్రం గాజులు వేసుకుని పని చేయలేం. పెట్టె అంచుకు తగిలాయంటే చెయ్యి అదిరి పొడి ఎగిరిపోతుంది. రోజూ రాగానే తీసి పక్కన పెట్టడం అలవాటు. ఆ రోజు కూడా సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఆ నురగతోనే గాజులన్నీ జార్చేసి, పక్కనే స్టూలు మీద కూర్చున్న అత్తమ్మ ఒళ్లో పోశాను.

చేతి తొడుగులు వేసుకుని తిరిగేసరికి ఆమె ఆ గాజులను కొంగులో పట్టుకుని చూస్తోంది. చుట్టాలంతా చేరి, గుండెలు బాదుకుంటూ, నన్ను పట్టుకుని చేయాల్సిన పని. నేను ముందే, నా చేత్తో నేనే, అంట్లు తోమేముందు చేసినట్టు చేసి పారేశాను. చేశాక గాని తెలియలేదు. తెలిశాక కూడా చేతులు తేలికగా ఉన్నాయనే తప్ప ఇంకేమీ అనిపించలేదు.

మేడమ్ బయటికి వెళ్లిపోయింది. నేను బూజు పట్టిన పెట్టెలన్నీ మూసి సంచిలో కట్టేశాను. మిగిలిన పెట్టెలోని బిళ్లలను భూతద్దం కింద పెట్టి ఒక్కొక్కటి చూశాను. అంచుల్లో తెల్లగా కనిపించినవన్నీ తీసేస్తూ పోతే బాగున్నవి చాలా కొద్దిగా మిగిలాయి. కొత్త ఆకులు కోసి పరిచి, బ్రష్‌తో పొడి అద్దడం మొదలుపెట్టాను.

"దీనికి దవా లేదా?" అని అడిగింది అత్తమ్మ.

"మస్తు ఉన్నై. కొడితే సస్తది."

"సావనియ్యవు నువ్వు."

"లేదు."

చాలాసేపు ఆమె నా చేతులనే చూసింది. "నీ సేతుల ఇది బతుకుతది," అంది. "మరి వాడెందుకు బతకలె?"

నన్ను తప్పుపట్టడానికి అడిగిన మాట కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. డాక్టర్లను అడిగే ధైర్యం ఆమెకు లేదు, బావకు తెలియదు. ఆయన నీళ్లు కొలిచినదాన్ని, వాపు చూసినదాన్ని, చెప్పగలిగితే నేనే చెప్పాలి.

"నాకు తెల్వది అత్తమ్మ," అన్నాను. బ్రష్ మాత్రం ఆపలేదు. ఆపితే బిళ్లలు ఆరిపోతాయి.

పని అయ్యాక ఆమె నన్ను తన ముందు కూర్చోబెట్టుకుని ఆ గాజులు మళ్లీ నా చేతులకు ఎక్కించింది. "ఇంకా ఒద్దులున్నై నీకు," అంది. పదో రోజు వాటిని పగలగొట్టారు. ఆ రోజు కూడా అందరూ నా మొహంలోకి చూశారు.

తుప్పు బతికింది. నెల తిరిగేసరికి నారింజ రంగు పొడి చక్కగా లేచింది. అప్పటినుంచి రోజూ ఇంట్లో అడుగు పెట్టగానే అత్తమ్మ అడిగేది ఒకటే, "అది మంచిగున్నదా?" అని. ఒకసారి జ్వరమొచ్చి నేను పడుకుంటే, "పోయి సూసి రారాదా జెర, ఆటో మాట్లాడుత," అంది. కింది గదుల కుర్రాళ్లకు తనకొచ్చిన హిందీలో ఏం చెప్పిందో గాని, ఆఫీసులో నేనేదో జంతువును పెంచుతున్నానని వాళ్లు నమ్మారు. నేను వివరించలేదు.

తర్వాత, తుప్పు మందును మా దగ్గర పరీక్ష చేయిస్తున్న కంపెనీ ఆ మందునే వదులుకుంది. ప్రాజెక్టు అయిపోయిందన్నారు. ఇలాంటి తెగులును పని లేకుండా ఉంచుకోకూడదు. ఏ కాఫీ తోటకైనా అంటితే అంతే సంగతులు. అందుకే పెట్టెలు, మొక్కలు అన్నీ సంచుల్లో కట్టి ఆటోక్లేవ్‌లో వేయాలి. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్. "నువ్వు ఇంటికెళ్లు, నేను చూసుకుంటాను" అంది మేడమ్. నేనే చేస్తానన్నాను. మూత బిగించి బటన్ నొక్కాను. మళ్లీ తీసేసరికి ఆకులన్నీ నల్లబడి ముద్దయిపోయాయి, ఆకుకూర ఉడికిన వాసన వస్తోంది. ఏమీ అనిపించలేదు. బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, బస్సెక్కాను.

అత్తమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. "అది మంచిగున్నదా?" అంది.

"లేదత్తమ్మ. సంపేసినం. పని అయిపోయిందన్నరు."

"ఎవరు సంపిన్రు?"

"నేనే."

చెప్పులు విడిచి లోపలికి అడుగు వేయబోయాను.

"ఆడనే నిలవడు. లోపటికి రాకు," అంది.

కోపమొచ్చిందేమో అనుకున్నాను. లేచి లోపలికి పోయి బకెట్ నిండా నీళ్లు, చెంబు పట్టుకుని వచ్చింది. చావుకు పోయి వచ్చినవాళ్లను నిలబెట్టినట్టు నన్ను పైన మా గుమ్మం ముందే నిలబెట్టింది. కింది నుంచి కుర్రాళ్లు తలెత్తి చూస్తున్నారు. భుజానికి ఇంకా ఆఫీసు బ్యాగు ఉంది.

"అత్తమ్మ, అది వట్టి తుప్పు," అన్నాను.

"అయితే ఏంది? సాకినవు గదా," అని బ్యాగు తీసి పక్కన పెట్టి, నా తల మీద నీళ్లు పోసింది.

రెండో చెంబుకు ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. చిన్నపిల్లలా గొంతెత్తి, ఆయన పేరు పెట్టి ఏడ్చాను. అత్తమ్మ ఊరుకోమనలేదు, దగ్గరికి తీసుకోలేదు, పోస్తూనే ఉంది. బకెట్ ఖాళీ అయినా నేను ఏడుస్తూనే ఉన్నానని చూసి, లోపలికి పోయి ఇంకో బకెట్ నింపుకొచ్చింది.