గాలి చూడాలి, ఆగు!

లోకంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా, ఎక్కడో గాలి ఎక్కువైందనో తక్కువైందనో తప్ప మరో కారణం ఒప్పుకోడు బాబాయి. కార్ల పందేలు జరిగే ట్రాకులో టైర్లు చూసే పని ఆయనది. పనిలో ఉన్నంతసేపూ టైర్లలో గాలి చూస్తాడు, పని లేనప్పుడు కనబడిన ప్రతిదానిలోనూ చూస్తాడు. పిల్లల బంతులు, పక్కింటివాళ్ల సైకిలు, ఆసుపత్రిలో చక్రాల కుర్చీ, ఏదీ ఆయన చేతినుంచి తప్పించుకోలేదు. ఒకసారి రక్తపోటు చూడబోయిన డాక్టరుగారి చేతిపట్టీని నొక్కి చూసి, "ముందు దీని లీకేజీ సంగతి చూడండి, నా సంగతి తర్వాత చూద్దురుగాని" అన్నాడు. ఆ డాక్టరుగారు మళ్లీ ఈయన్ని చెయ్యి చాపమని అడగలేదు.

బాబాయి అన్నకూతురు పళ్ల డాక్టరు. బాబాయికి కోరపన్ను పక్క పన్ను పుచ్చి చాలాకాలమైంది. "రా బాబాయ్, చిటికెలో తీసేస్తా. చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అని ఆమె బతిమాలగా బతిమాలగా ఒకరోజు క్లినిక్‌కి వచ్చాడు. కుర్చీ చూశాడు. దాన్ని పైకీ కిందికీ ఆడించాడు. "దీనిలో గాలి సరిగ్గా లేదమ్మాయ్. బాగు చేయించు, వస్తాను" అని చెప్పులేసుకుని చక్కా వెళ్లిపోయాడు.

"ఎంత పిరికివాడో!" అని ఆమె ఇంటిల్లిపాదికీ చెప్పి చెప్పి నవ్వింది. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. ఆమెదాకా కూడా వచ్చింది.

డాక్టరమ్మకి వేగంగా కారు నడపడమంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. ముచ్చటపడి పాత చిన్న కారొకటి కొని, ట్రాకుకి తగ్గట్టు సిద్ధం చేయించుకుంది. పోయిన నెల పెద్ద కుడి మలుపులో ఆ కారు గిర్రున తిరిగి, వెనక్కి వెనక్కి పోయి, అంచున పేర్చిన టైర్ల గుట్టకి గుద్దుకుంది. ఆమెకి దెబ్బ తగల్లేదు, కారుకీ పెద్దగా ఏం కాలేదు. ధైర్యం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ మలుపు దగ్గరికొచ్చినా యాక్సిలరేటరు మీంచి కాలు దానంతటదే పైకి లేచిపోయేది. మలుపు మధ్యలో అలా లేపితే కారు తోక ఊగుతుంది. తోక ఊగితే భయం రెట్టింపవుతుంది.

ఇదంతా చూసి ఆమె భర్త, కారు కొనే మనిషినొకణ్ణి వెతికి పెట్టాడు. "సాయంత్రం ట్రాకు దగ్గరికే వస్తాడు. నీ ఇష్టం మరి."

"ఇవాళ ఆ మలుపు సరిగ్గా తిరగలేకపోతే తోలుకుపొమ్మను" అంది ఆమె. అనేసింది గానీ, సొంత పన్ను పీకి ఇస్తానన్నట్టుగా అనిపించింది.

ఆ పొద్దున బాబాయి టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గాలి కొలిచే గేజీ పెట్టాడు. "ఇరవై నాలుగు. చాలు."

"అంత తక్కువా?" అంది ఆమె.

"చల్లగా ఉన్నప్పుడు తక్కువే ఉండాలి. నాలుగు చుట్లు తిరిగితే టైరు వేడెక్కి, లోపల గాలి దానంతటదే పెరుగుతుంది. అప్పుడు రా, ఎక్కువైంది తీసేస్తా. వేడి మీద ముప్పై ఉండాలి."

"ముందే ముప్పై పెట్టేస్తే పోలా?"

"వేడెక్కాక పొంగిపోతుంది. అప్పుడు టైరు అరికాలు ఆనించి నిలబడదు, మునివేళ్ల మీద నిలబడుతుంది. జారదూ మరి?"

జారడమన్న మాట వినగానే ఆమెకి టైర్ల గుట్ట గుర్తొచ్చింది. అయినా వెళ్లి నాలుగు చుట్లు తిరిగొచ్చింది. అన్నీ కుడి మలుపులే కాబట్టి ఎడమ ముందు టైరు మీదే భారమంతా. అది ముప్పై మూడు చూపించింది. బాబాయి నాలుగు టైర్లూ చూసి, ఎక్కువైన గాలి తీసి, "అన్నీ ముప్పై. ఫో" అన్నాడు.

వెళ్లింది. పెద్ద మలుపు వచ్చింది. కాలు లేచింది, తోక ఊగింది, పైప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో నిలదొక్కుకుంది గానీ చేతులు ఆగకుండా వణికాయి. ఇక చాలు, కారు ఇచ్చేసి ఇంటికి పోదామనుకుంది. అంతలో గోడ పక్కన బాబాయి రెండు చేతులూ ఊపుతూ కనిపించాడు.

"గాలి! గాలి చూడాలి, ఆగు!"

ఆగింది. బాబాయి తీరిగ్గా కూర్చుని గేజీ పెట్టాడు. స్స్... అని శబ్దం వచ్చింది. "అయ్యేలోపు కాసిని నీళ్లు తాగు. తలుపు తీసి ఉంచు, వేడి పోవాలి."

"ఎంతుంది?"

"ముప్పై."

"సరిగ్గానే ఉందిగా!"

"చూస్తేనే కదా సరిగ్గా ఉందని తెలిసేది?" ఇంకో టైరు దగ్గరికి జరిగాడు. "ఆ మలుపులో నీకేం కనిపిస్తోంది?"

"టైర్ల గుట్ట."

"చూసినచోటికే పోతుందమ్మాయ్ కారు. మలుపు చివర జెండా పట్టుకుని ఒకాయన కూర్చుంటాడే, ఆయన టోపీ చూడు."

"టైర్లలో గాలికీ ఆయన టోపీకీ ఏంటి సంబంధం?"

"నాకేం తెలుసు? నేను గాలి చూసేవాణ్ణి."

కాసేపటికి మళ్లీ పిలిచాడు. మళ్లీ స్స్..., మళ్లీ ముప్పై. ఆ తర్వాత మళ్లీ. "డాక్టరమ్మా, మీ బాబాయి మీ కారునేమైనా దత్తత తీసుకున్నాడా?" అని తోటి డ్రైవర్లు నవ్వడం మొదలెట్టారు. ఆమెకి ఒళ్లు మండింది.

"బాబాయ్! ఇప్పుడిప్పుడే బాగా తిరుగుతున్నాను. గాలీ లేదు గీలీ లేదు, నన్ను వదిలెయ్!"

బాబాయి స్టీరింగు మీద ఆమె చేతుల్ని చూశాడు. గేజీని కోటు ఎడమ జేబులో వేసుకున్నాడు. "అయితే ఫో. ఇంక పిలవను."

ఆ తర్వాత ట్రాకు మూసేదాకా తిరుగుతూనే ఉంది. భయం పోలేదు, పక్క సీట్లోనే కూర్చుంది, కానీ ఆమె కాలిని పట్టుకుని లాగడం మానేసింది. సాయంత్రానికి ఆ జెండా ఆయన టోపీకి ఎక్కడ కుట్టు ఊడిందో కూడా ఆమెకి తెలిసిపోయింది.

కొనే మనిషి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్ని, "గాలి కాస్త తక్కువున్నట్టుందే" అన్నాడు. ఇక బాబాయిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. "అమ్మడం లేదండీ" అని ఆమె చెప్పేలోపే ఆ కొనే మనిషిని గేటుదాకా సాగనంపి వచ్చాడు.

వెళ్లేముందు ఆమె, కారు తలుపుకి వేలాడుతున్న బాబాయి కోటు తీసి ఇవ్వబోతే, ఎడమ జేబులోంచి గేజీ జారి పడింది. టైరు లేదు, గాలి లేదు, అయినా ముల్లు ముప్పై మీద ఉంది. ఊపి చూసింది. ముప్పై.

"అది పాడై ఏళ్లయిందమ్మా" అన్నాడు పక్కనే ఉన్న ముసలి మెకానిక్కు.

"మరి పగలంతా దీంతోనే చూశాడుగా!"

"పొద్దున చూసింది కుడి జేబులోది. అది టైర్లకి. ఇది డ్రైవర్లకి. 'భయపడుతున్నావు, కాసేపు ఆగు' అంటే ఎవరాగుతారు చెప్పు? గాలి అంటే ఆగుతారు."

"స్స్ అని వినబడిందే?"

"నోటితో అంటాడు. ఆ పుచ్చిపన్నుతో ఎంత అవస్థ పడతాడో పాపం."

ఆమెకి బాబాయి మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. కోటు ఇచ్చేసింది గానీ గేజీ ఇవ్వలేదు.

కొన్నాళ్లకి నొప్పి భరించలేక బాబాయి తనంతట తానే క్లినిక్‌కి వచ్చాడు. కుర్చీలో పడుకుని రెండు చేతులతో దాన్ని పట్టుకుంటే, కుర్చీ విరుగుతుందేమో అనిపించింది.

"అమ్మాయ్, దీనిలో గాలి..."

"బాగు చేయించాను. నోరు తెరు."

తెరిచాడు. సాధనం కనబడగానే నోరూ కళ్లూ టక్కున మూశాడు. ఆమె సాధనం పక్కన పెట్టి, సొరుగులోంచి గేజీ తీసి, కుర్చీ కాలికి ఆనించింది.

"ఆగు బాబాయ్, గాలి చూడాలి. స్స్..."

బాబాయి ఒక కన్ను తెరిచాడు. గేజీని చూశాడు, ఆమెని చూశాడు.

"ఎంతుంది?"

"ముప్పై."

"సరిగ్గానే ఉంది" అన్నాడు. తర్వాత మెల్లిగా, "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూడు" అన్నాడు.

చూసింది. కాసిని నీళ్లిచ్చి, మళ్లీ చూసింది. ఆయన వేళ్లు కుర్చీని వదిలాక పన్ను తీసింది.

దూది తీసేశాక బాబాయి అద్దంలో కొత్త సందు చూసుకుని, దానిలోంచి ఊది చూశాడు. స్స్స్... అని గదంతా వినబడింది.

"ఓసి, ముందుకన్నా బాగా వస్తోందే!" అని చెయ్యి చాపాడు. "గేజీ ఇటివ్వు. రేపు కొత్త డ్రైవరొకాయన వస్తున్నాడు."