మా తాత ముట్టని వరిబువ్వ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆకలి గురించి ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్లం గానీ, తిన్నది బయటికి పోకపోతే దాని గురించి ఎవరూ నోరెత్తేవారు కాదు. అది నలుగురిలో అనే మాట కాదని నాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. మా ఊరు గోరంట్లకు అవతల, కదిరి వైపు, ఎర్రనేలల మధ్య ఉండేది. కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని మగవాళ్లు అరుగుల మీద చెప్పుకునే రోజులవి. నాకు తొమ్మిదేళ్లు. అప్పటికి మూడేళ్లుగా సరైన వాన లేదు.

మా నాయనకు నాయన, మా తాత, వానలను గోడ మీద గీసి పెట్టేవాడు. వాన వెలిసిన వెంటనే చేనికి పోయి, మట్టిలోకి చెయ్యి దించి పదును ఎంత లోతు దిగిందో చూసి వచ్చేవాడు. అంతే పొడవు గీత ఒకటి సున్నంతో తలుపు పక్క గోడ మీద గీసేవాడు. నేను పుట్టిన ఏటి గీతలు మోచేతి పొడవున ఉండేవి. నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏట రెండే గీతలు, అవి కూడా నా చిటికెన వేలంత లేవు. తాత మాటలో మెత్తదనం ఉండేది కాదు. ఊరంతా ఆయనంటే కొంచెం భయం, చాలా గౌరవం. ఆ గౌరవానికి ఒక కారణం ఆయన వరిబువ్వ ముట్టకపోవడం. ఊరి చెరువు నిండి, మిగులు నీళ్లు మరవ మీదుగా పారేదాకా బియ్యం తిననని మొక్కుకున్నాడని అందరూ చెప్పుకునేవారు. పెళ్లిళ్లలో కూడా ఆయన కోసం విడిగా సంగటి ముద్దో సజ్జరొట్టో చేసేవారు, పక్కన ఇంత ఆకుకూర పెట్టేవారు. అంత నిష్ఠ గల మనిషి మా తాత అని నేను తోటి పిల్లల దగ్గర గొప్పలు పోయేదాన్ని.

ఆ ఏడు మా అమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. రోకలి పోటు వేస్తూ వేస్తూ ఉన్నట్టుండి రోకలి వదిలేసి కడుపు పట్టుకుని కూలబడేది. పొట్ట ఉబ్బి రాయిలా అయ్యేది. ఐదు రోజులు, ఆరు రోజులు బయటికి పోయేది కాదు. పక్కింటి పెద్దవ్వ వచ్చి ఆముదం తాగించేది. దాంతో ఒకరోజంతా కడుపు కడిగినట్టు పోయి, అమ్మ గోడ పట్టుకుని నడిచేది. మళ్లీ వారం తిరగకముందే మొదటికి వచ్చేది. మా అమ్మమ్మ కడుపులో గడ్డ వచ్చి చనిపోయింది. తనకూ అదే వచ్చిందని అమ్మ తీర్మానించుకుంది. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, ఆమె నాకు సంగటి గెలకడం నేర్పడం మొదలుపెట్టింది.

నా చేతికి సంగటి కట్టె మొయ్యలేనంత బరువుగా ఉండేది. కుండను కాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పమనేది. పిండి ఉండ కడితే మళ్లీ చేయించేది. జడ నా అంతట నేనే వేసుకోవాలని పట్టుబట్టేది. ఇంత తొందర ఎందుకమ్మా అని ఒకరోజు ఏడిస్తే, నా కళ్లు తుడిచి, "నాకేమన్నా అయితే మీ నాయనకు, తాతకు నువ్వే గదా చేసి పెట్టాల" అంది. ఆ రోజు నుంచి నాకు సంగటి అంటే భయం పట్టుకుంది. నేను బాగా నేర్చుకుంటే అమ్మ చచ్చిపోతుందని అనిపించేది. అందుకే కావాలని ఉండలు కట్టేలా తిప్పేదాన్ని.

మా నాయన అమ్మను బండి కట్టించుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు నొక్కి చూసి గడ్డ లేదు, పుండు లేదు, పేగుల నడక మందంగా ఉంది, తిండి చూసుకోవాలి అన్నాడట. గడ్డ లేదన్న మాట అమ్మ నమ్మలేదు, తన దగ్గర దాస్తున్నారనుకుంది. తిండి చూసుకోవాలన్న మాట నాయన బాగా నమ్మాడు. మా వైపు మంచి తిండి అంటే వరిబువ్వ ఒక్కటే. మేమంతా కొర్రబువ్వ, సంగటి తింటూ ఉంటే అమ్మకు మాత్రం హిందూపురం నుంచి తెచ్చిన తెల్లటి బియ్యం వండి, చారు పోసి పెట్టేవాళ్లం. ఆకుకూర అరగదని పెద్దవ్వ మాన్పించింది. కరువు రోజుల్లో తనకొక్కదానికే పండగ తిండి పెడుతున్నారని అమ్మ సిగ్గుతో, ప్రేమగా తెచ్చారని మొహమాటంతో, తల వంచుకుని తినేది. నాకు నోరూరేది. అమ్మకు నొప్పి ఇంకా ఎక్కువైంది.

మా ఇంట్లో కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడే పద్ధతి లేదు. తాత ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పి పంపేవాడు, అమ్మ తలుపు వెనక నుంచి నాతోనే జవాబు చెప్పేది. ఒకరోజు తాత నన్ను పిలిచి, అమ్మ దినానికి ఎన్ని చెంబుల నీళ్లు తాగుతుందో కనుక్కుని రమ్మన్నాడు. అమ్మ ఒక క్షణం ఆలోచించి నాలుగని చెప్పమంది. నేను వచ్చి నాలుగన్నాను. తాత నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"నిజం చెప్పు పాపా. నేను ఎవురినీ ఏమీ అనను."

నాకు ఏడుపొచ్చింది. నిజం నాకు తెలుసు. అమ్మ పొద్దున ఒక చెంబు ముంచుకుని, అందులో సగం నా చెంబులో వంపేది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేను ఆ నీళ్లు సంతోషంగా తాగేదాన్ని. ఆ సంగతి చెప్పేశాను. ఎందుకట్లా అని తాత అడిగితే, పెద్దవాళ్లకు ఈ మాత్రం తెలియదా అని ఆశ్చర్యపోయాను.

"తాగితే మళ్లా పోవాల గదా తాతా. పగటిపూట ఆడోళ్లు యాడ కూర్చుంటారు?"

ఊరి వెనక కంప, బందార పొదలు దట్టంగా ఉండేవి. ఆ మూడేళ్ల కరువులో పొయ్యిలోకని, మేకలకని అందరూ నరుక్కుపోయారు. తెల్లవారకముందు వెళ్లకపోతే ఇక మాపటేల చీకటి పడేదాకా ఆడవాళ్లకు మరుగు లేదు. మధ్యలో కడుపు పిలిచినా పలకకూడదు. అందుకని మా వీధి ఆడవాళ్లందరూ నీళ్లు తాగడమే మానుకున్నారు. ఇది మగవాళ్లకు తెలియదు. వాళ్లకు అన్ని చేలూ తమవే. తాత లేచి గోడ మీది ఆ రెండు చిన్న గీతల దగ్గరికి పోయి వాటిని చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు పొద్దున్నే పశువుల కొట్టం వెనక గుంత తవ్వడం మొదలుపెట్టాడు. మూడు రోజులు తవ్వాడు. గుంత మీద రెండు బండలు పరిచి, చుట్టూ కందికట్టెతో నిలువెత్తు తడికలు కట్టాడు. దారిన పోయేవాళ్లు ఏం కడుతున్నావన్నా అని అడిగితే ఎరువుగుంత అన్నాడు. ఎరువుకు తడికలెందుకని వాళ్లు నవ్వుకున్నారు. పని అయ్యాక నన్ను పిలిచి, "మీ అమ్మకు చెప్పు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడైనా ఆడికి పోవచ్చని చెప్పు" అన్నాడు.

నేను పరిగెత్తుకుంటూ పోయి చెప్పాను. సంతోషిస్తుందనుకున్న అమ్మ మొహం పాలిపోయింది. తను మంచం పడితే పనికొస్తుందని ముందే సిద్ధం చేస్తున్నారు, రోగం అంత దూరం వచ్చిందన్నమాట అని, చేటలో ఉన్న కొర్రలు అలాగే వదిలేసి గోడకు తిరిగి కూర్చుంది. ఆ తడికల చాటుకు అడుగు కూడా పెట్టలేదు. నేను వెక్కుతూ వచ్చి అమ్మ అన్నది అన్నట్టు తాతకు చెప్పాను. ఆయన చేతిలో ఉన్న పార కింద పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం నాయన, తాత భోజనానికి కూర్చున్నారు. పెద్దవ్వ గడప దగ్గర ఉంది. అమ్మ కోసం వండిన వరిబువ్వ గిన్నె మూలన ఉంది. తాత దాన్ని తన ముందు పెట్టమన్నాడు. నాయన నిర్ఘాంతపోయాడు. పెద్దవ్వ మొక్కు, మొక్కు అని అరిచింది.

"మొక్కూ లేదు, మన్నూ లేదు. నాకు వరిబువ్వ పడదు. తింటే నాలుగు దినాలు బయటికి రాదు, కడుపు రాయి అయితాది. ముప్పై ఏండ్లుగా ఇదే బాధ. చెప్పుకోను సిగ్గయి మొక్కని చెప్పినా. మీరంతా దండం పెడితే ఊరకుండినా."

నాకు తాత మీద కోపం వచ్చింది, నేను పోయిన గొప్పలన్నీ అబద్ధమయ్యాయి కదా. తాత గిన్నె పక్కకు జరిపి లేచి, తలుపు దగ్గరికి నడిచాడు. అమ్మ తలుపు వెనక ఉంది. ఆమె మా ఇంటికి వచ్చిన పన్నెండేళ్లలో ఆయన ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు.

"నీకు వచ్చింది మీ అమ్మ రోగం కాదమ్మా, నా రోగం. నన్ను చూడు, చచ్చినానా?"

అమ్మ ఏడుపు మాకు వినబడింది. అది నొప్పి ఏడుపు కాదని నాకు కూడా తెలిసింది. కాసేపటికి తలుపు వెనక నుంచి, నా పేరు పెట్టి పిలవకుండా, నన్ను మధ్యలో పెట్టుకోకుండా, "మరి నొప్పి పోతాదా మామా?" అని అడిగింది.

"వస్తాది, పోతాది. దాంతో కాపురం చెయ్యడం నేర్చుకోవాల. నేను చెప్తా."

అక్కడి నుంచి ఇంట్లో తిండి మారింది. పొద్దున లేవగానే రెండు చెంబులు నీళ్లు, తర్వాత తడికల చాటున, పోయినా పోకున్నా, తొందర పడకుండా కాసేపు కూర్చోవడం. కడుపు పిలిస్తే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పోవడం. మధ్యాహ్నం కొర్రబువ్వ, ఎండలోనూ దొరికే చెంచలాకో గురుగాకో, పలచటి మజ్జిగ. ఆముదం సీసా పెద్దవ్వ ఇంటికి తిరిగిపోయింది. నాయన తన తప్పు దిద్దుకోవాలని మొదటి రోజే ఇంత పెద్ద సంగటి ముద్ద, గంపెడు ఆకు తినిపించేసరికి అమ్మ కడుపు తంబురలా ఉబ్బింది. ఇదంతా ఉత్తదేనని ఆమె మళ్లీ దిగాలు పడింది. తాత నాయనను కేకలేశాడు. "ఒక్కసారిగా కొట్టిన వాన గుట్టెంబడి కొట్టుకపోతాదప్పా. సన్నగా పడితేనే నేలలోకి దిగుతాది. నాలుగు దినాలకు ఒక పిడికెడు పెంచు, సాలు" అన్నాడు.

వాన గీతల పక్కనే అమ్మ కోసం ఇంకో వరస మొదలుపెట్టాడు. బాగున్న రోజు సున్నపు చుక్క, నొప్పి వచ్చిన రోజు బొగ్గు చుక్క. పెట్టే పని నాది. బొగ్గు చుక్క పడినప్పుడు ముందురోజు ఏం తిన్నదో అమ్మ నాకు చెప్పేది, నేను తాతకు చెప్పేదాన్ని. నెల రోజులకు ఉలవచారు తిన్న మరునాడల్లా బొగ్గేనని తేలింది. అలసందలు కూడా అంతే. తాతకు ఉలవలు హాయిగా అరుగుతాయి, అమ్మకు పడవు. ఒకే రోగమైనా ఎవరి కడుపు వాళ్లదే అని తాత నవ్వాడు. దిగులు పడ్డ రోజుల్లో, అంటే నీళ్ల కోసం బావి దగ్గర గొడవ జరిగిన రోజో, మేక చచ్చిన రోజో, ఏం తిన్నా బొగ్గే పడేది. అది ఎందుకో మా ముగ్గురికీ తెలియలేదు గానీ, గోడ మీద మాత్రం కనబడింది. ఆ ఏడు వాన గీతలు పెరగలేదు. సున్నపు చుక్కలు పెరిగాయి.

ఒకరోజు నేను గెలికిన సంగటిలో ఒక్క ఉండ కూడా లేదు. అమ్మ ముద్ద చేసి చూసి, "ఇప్పుడు వచ్చింది. ఇంక ఆడుకో పో" అంది. నేను ఆడుకోవడానికి పోలేదు, అమ్మ పక్కనే కూర్చుని ఆమె తింటుంటే చూశాను.

తడికల సంగతి వీధిలో తెలిసింది. మొదట పెద్దవ్వ, తర్వాత ఎదురింటి కోడలు, మధ్యాహ్నపూట మా దొడ్డిదారిన చెంబు పట్టుకుని వచ్చేవారు. ఆ వేళకు తాత వీధి అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. చెరువు మరవ పారిన ఏడు కూడా ఆయన వరిబువ్వ తినలేదు. ఎవరైనా అడిగితే కడుపుకు పడదప్పా అని గట్టిగా చెప్పేవాడు. అంతకుముందు కంటే గౌరవం కొంచెం తగ్గిందేమో. మా ఇంట్లో మాత్రం పెరిగింది.

అమ్మకు ఆ బాధ పూర్తిగా ఎప్పుడూ పోలేదు. ఎనభై దాటేదాకా బతికింది, తన పొద్దుటి చెంబులు తను తాగుతూ, ఉలవచారును దూరం నుంచి చూసి నవ్వుతూ. నాకు నలభయ్యో ఏట అదే మొదలైంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఇంగ్లీషులో పొడుగాటి పేరు చెప్పాడు. నేను భయపడలేదు. వంటింటి క్యాలెండరు మీద చుక్కలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. నా కూతురితో, కోడలితో కూడా ఈ మాటలు దాచకుండా మాట్లాడతాను. మొదట్లో వాళ్లు నొచ్చుకునేవారు, ఇప్పుడు వాళ్లే అడుగుతారు.

తలుపు ముందు నిలబడిన తాతను ఇప్పటికీ తలుచుకుంటాను. ముప్పై ఏళ్ల గౌరవాన్ని ఒక కోడలి భయం పోగొట్టడానికి నలుగురి ముందు వదులుకున్నాడు. మా ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా, కూర్చోమని చెంబుతో నీళ్లిచ్చి, తాగేదాకా ఆగి, మరుగుదొడ్డి తలుపు ఎటువైపు ఉందో చూపిస్తాను.