క్షేమం లేని కార్డులు

బెల్లంకొండ మిరపచేలో ఆ రోజు ఆసామి శ్రీహరి నోరు చేసుకున్నది మోటారు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ ఖలందర్ మీద. కరెంటు లేదని గట్టున కూర్చుని, కాయ కోస్తున్న రాజమ్మను ఆపి, పాట చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకుంటున్నాడాయన.

"ఏందయ్యా సాయిబూ, కూలీని నిలబెట్టి కచేరీ పెట్టావ్? ఆమె సాలు మీ తాత కోస్తాడా?"

"మా తాతెందుకు? నేనే కోస్తా."

కోశాడు. రాజమ్మ నిలబడి పాడుతుంటే రెండు సాళ్ళు కోశాడు. తొడిమ ఊడి ధర పోయిన కాయ ఒక్కటన్నా దొరక్కపోతుందా అని శ్రీహరి బుట్ట కుమ్మరించి వెదికాడు. దొరకలేదు. ఆసామి నోరు మూతపడటం రాజమ్మ కళ్ళారా చూసింది. తర్వాత ఖలందర్ మండే వేళ్ళతో కళ్ళు నలుపుకుని అరగంట ఏడ్చాడు, అది వేరే సంగతి.

ముప్పై ఏళ్ళు అదే తంతు. మోటార్ల వైండింగు పనికి ఏ ఊరు వెళితే ఆ ఊరి ఆడవాళ్ళ పాటలు రాసుకున్నాడు. అచ్చు వెయ్యమని పెద్ద ఆఫీసులకు ఉత్తరాలు పెట్టాడు. "మీ లేఖ అందినది" అని జవాబు వచ్చేది. లేఖ అందితే సరా, అందులోని గోడు అందొద్దూ? ఇంకో పిచ్చి పని కూడా చేశాడు. ఎవరి పాటను వాళ్ళ పేరు మీదే పోస్టుకార్డు ముక్క మీద రాసి పంపేవాడు. ఎవరి సొత్తు వాళ్ళింట్లో ఉండాలట.

కిందటి నెల కళ్ళు చూపించుకోవడానికి నరసరావుపేట వెళ్ళిన రాజమ్మ, అక్కడే ఉంటున్న ఖలందర్‌నీ పలకరిద్దామని ఆగింది. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. పెన్ను పట్టే ఓపిక లేదు. అటక మీది నోటుబుక్కులు చెదల పాలయ్యాయి.

"కార్డులున్నయ్‌గా రాజమ్మా," అన్నాడు నీరసంగా. "మీ వాడలో పాడిన ఏడుగురికీ పంపా. అయ్యి తెచ్చిపెట్టు, చాలు."

రాజమ్మకు ఇక చెప్పక తప్పలేదు. ఇన్నేళ్ళు దాచిన మాట అది.

"లేవన్నా. చించేశాం. అప్పట్లో మా వాడకి కార్డొస్తే చానావరకు చావు కబురే. మంచి కబురైతే పైన క్షేమం అని ఉంటది. రెండో తరగతి దాకా చదివిందాన్ని కదా, ఆ మాటే వెతికా. లేదు. చావు కార్డు ఇంట్లోకి రాకూడదని గుమ్మంలోనే చించి తలమీద నీళ్ళు పోసుకున్నా. నన్ను చూసి మిగతా ఆరుగురూ చించారు. పోయింది ఎవరో తెలీక మూడ్రోజులు చుట్టాలందరినీ వాకబు చేశాం."

"మరి అందిందా అని అడిగితే అందిందన్నావ్?"

"అందింది నిజమేగా!"

"అంత చదువుకున్నదానివి, రెండో ముక్క చదవలేకపోయావటే!" అన్నాడు ఖలందర్. ఎవరి చేతా మాట పడని రాజమ్మ ఆ ఒక్క మాట పడింది.

"మీలో ఎవరున్నారే ఇంకా?"

"నేనూ, కోటేశ్వరీ. విజయపురి సౌత్‌లో ఉంటంది."

"అయితే బస్సెక్కి పో. ఆమె పాడుద్ది, నువ్వు రాయి. నీది నువ్వే పాడుకుంటా రాయి. మిగతావాళ్ళవి ఇద్దరికీ గుర్తున్నకాడికి రాయి. మోకాళ్ళ నొప్పులని సాకు జెప్పమాక, నాకు టైము లేదు. రాసింది పోస్టులో మాత్రం ఎయ్యమాక. నువ్వే తెచ్చి చదివి వినిపించు."