బోర్డు తిప్పని బస్సు

“పూణే పోత నాయినమ్మా. నేను చదివిన పని ఆడనే ఉంది.”

“పోవు. హైదరాబాద్ పోతవు. అత్త ఇంట్ల అర్ర ఖాళీగ ఉంది, కిరాయి లేదు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు బస్సు గూడ ఫిరీ. ఐతారం ఐతారం ఇంటికొస్తవు.”

“ఫిరీ బస్సు ఉందని బతుకంత కాల్ సెంటర్ల ఫోన్లెత్తుకుంట కూసోవాల్నా? ట్రాక్టర్ పార్టులు పోసే అచ్చులకు డిజైన్ గీసుడు నేర్చిన నేను!”

“ఫోనెత్తితే చేతులరుగుతయా?”

“చింతగింజలు గూడ పారేయవు నువ్వు. నా చదువు మాత్రం పారేయమంటున్నవు!”

సహోదరులారా, ఆదివారం ఆరాధన ముగించుకొని, ఆటోకు పైసలు దండుగ అని నడిచి వస్తూ, జహీరాబాద్ బస్టాండులో పదిమంది చూస్తుండగా నేనూ నా మనవరాలు కీర్తనా ఇట్లా పోట్లాడుకున్నాము. పూణే వాళ్లు మర్నాడే బయలుదేరి రమ్మన్నారు, రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామన్నారు. కొడుకూ కోడలూ నా మాట దాటరు గనుక పిల్ల బతుకు నా నోటి మీద ఆగి ఉంది.

కిరాయి, బస్సు అన్నవి నేను పైకి చెప్పిన కారణాలు. నా పెనిమిటి లారీ నడిపేవాడు. ముంబై రోడ్డు మీద పడమటికి పోయి శవమై తిరిగి వచ్చాడు. ఆనాటి నుండి నేను పడమటి కిటికీకి గడియ వేశాను, సరిహద్దు అవతల చెల్లెలి కూతురి పెండ్లికి కూడా పోలేదు, లారీ హారన్ వినపడితే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది! మందిరంలో ముందు వరుసలో కూర్చొని చప్పట్లు కొట్టి పాడేదాన్ని, ఇంటికి వచ్చి ఆ గడియ గట్టిగా ఉందో లేదో చూసుకునేదాన్ని. ఎంత చీకటి, సహోదరులారా!

ఆరోజు బస్టాండులో, “జగడమెందుకు? దేవుణ్నే అడుగుదాం. ఇప్పుడొచ్చే బస్సు మీద ఏ ఊరు రాసుంటే ఆ ఊరు,” అన్నాను. కీర్తన ఒప్పుకుంది గానీ దాని ముఖంలో రక్తం లేదు. బస్సు వచ్చింది. నా చదువు మూడో తరగతితో ఆగింది, బైబిలు కూడా వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను, ఆ బోర్డునూ అట్లాగే చదివాను: హై-ద-రా-బా-ద్. “స్తోత్రం ప్రభువా!” అని బస్టాండు అదిరేటట్టు అరిచాను. పిల్ల తల దించుకుంది.

ఇంతలో కండక్టర్ దిగి, “పూణే! పూణే!” అని కేక వేశాడు.

“బోర్డు మీద హైదరాబాద్ అని ఉంది గద నాయనా?”

“అరే, ఆడినుంచే వస్తున్నం పెద్దమ్మా, తిప్పుడు మర్చిపోయినం. బోర్డు కాదు, బండి మూతి ఎటున్నదో జూడు!”

కీర్తన పకపకా నవ్వింది. అతడు రేకు బోర్డును ఠంగుమని తిప్పాడు, ఆ చప్పుడు నా రొమ్ములో మోగింది. నా మీద విశ్వాసి అని బోర్డు ఉంది, బండి మాత్రం ఇన్నేళ్లూ భయం దిక్కుకే నడుస్తోంది!

ఆ సాయంత్రం కిటికీ ముందు మోకాళ్లూనాను. “ప్రభువా, నువ్వు పలుకకముందే జవాబు నేనే రాసుకున్న. నా పెనిమిటి పోయిన దిక్కని, ఆ దిక్కును నీకియ్యకుంట దాసుకున్న. ఆ దిక్కుకు గూడ దేవుడివి నువ్వే గద తండ్రీ! ఇగ నా బోర్డు తిప్పు” అని, పెనిమిటిని మట్టిలో పెట్టిననాడు కూడా ఏడవని ఏడుపు ఏడ్చాను. గడియ తుప్పు పట్టి బిగిసిపోయింది, సుత్తెతో కొట్టి తీశాను. గాలి వచ్చింది. అన్నానికి కూర్చుంటే రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి, నా చేతిలో ముద్ద మాత్రం ఆగలేదు. దేవునికే మహిమ!

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, పిల్లల మీద ప్రేమ అని పేరు పెట్టి మీ భయాన్ని మేపకండి. గుర్తుల కోసం బస్టాండులో నిలబడకండి, మోకాళ్ల మీదికి రండి. నన్ను విడిపించిన ప్రభువుకు మీ గడియ బరువు కాదు. ఆయనను నమ్మి చూడండి!

తెల్లవారి జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టుకొని బస్టాండుకు పోయాము. బోర్డు మీద పూణే అని ఉంది, అయినా కండక్టరును అడిగే ఎక్కాను. అలవాటు చొప్పున ఆధార్ కార్డు చూపించాను.

“బార్డర్ దాటితే ఫిరీ లేదు పెద్దమ్మా,” అన్నాడు.

కార్డు సంచిలో పెట్టి కొంగుముడి విప్పాను. పూణేకు రెండు టికెట్లు తీసుకున్నాను, ఒకటి కీర్తనకు, ఒకటి నాకు.