మందునీళ్లలో నానని స్కోప్

సిద్దిపేటలో మాకు బట్టల దుకాణం. తొంభైల మొదట్లో ఒకరోజు మా ఆయన గిరాకీని వదిలేసి మధ్యాహ్నమే ఇంటికొచ్చి, "ఒంటికి పోతె నెత్తురు వడ్డదే" అన్నాడు. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. "సిస్టోస్కోపీ చేయాలి. సన్నటి గొట్టంతో మూత్రసంచి లోపల చూస్తారు" అన్నారు డాక్టర్. హైదరాబాద్ సర్జన్ ఒకాయన ఆదివారాలు మా ఊరి నర్సింగ్‌హోమ్‌కు వచ్చేవారు. స్కోప్ ఒక్కటే, బెంచీ నిండా జనం. ఒకరికి వాడాక దాన్ని కడిగి, క్రిములు చచ్చే మందునీళ్ల ట్రేలో నానబెట్టి, ఆ తర్వాతే ఇంకొకరికి వాడాలి.

అంతసేపు కూర్చునే ఓపిక మా ఆయనకెక్కడిది? మనసంతా దుకాణం మీదే. కాంపౌండర్ రాజయ్య మా పాత గిరాకీ. "సేటూ, నువ్వు గీడ కూసునుడేంది? రా, ముందుగాల నీదే అయిపోతది" అని వరస తప్పించి తీసుకెళ్లాడు. అప్పుడే ట్రేలో వేసిన స్కోప్‌ను తీసి సర్జన్ చేతికిచ్చాడట. లోపల చిన్న గడ్డ కనబడింది. అయినా మనవాడుంటే ఎంత సుఖమో అని దారంతా మా ఆయనకు ఒకటే మురిపెం.

మరునాడు సాయంత్రానికి చలి పట్టుకుంది. రగ్గులు కప్పినా మంచం ఊగిపోతోంది. మాట తడబడుతుంటే జీపు మాట్లాడుకుని హైదరాబాద్ తీసుకెళ్లాం. "ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. సెప్టిసీమియా" అన్నది అక్కడి డాక్టరమ్మ. బ్లడ్ కల్చర్, యూరిన్ కల్చర్, సెలైన్. మొదటి యాంటీబయాటిక్ పనిచేయలేదు. బీపీ పడిపోయింది. "ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా" అన్నది. నాకు ఏడుపు రాలేదు, పరీక్షకు పోతే ప్రాణం మీదికొచ్చిందని ఒళ్లు మండే కోపం వచ్చింది.

సిస్టోస్కోపీ సంగతి చెప్పగానే, "స్కోప్ ఎంతసేపు నానబెట్టారు?" అని ఆమే అడిగింది. చూడటానికొచ్చిన రాజయ్య గోడ పక్కన కూలబడ్డాడు. "సేటు మనోడని జల్ది చేసిన్నమ్మా" అని ఏడ్చాడు.

"మనోడని సంపుతవా?" అని కడిగేశాను.

"దానివల్లేనని కచ్చితంగా చెప్పలేం. కానీ టైం తగ్గిస్తే క్రిములు మిగిలిపోతాయి" అన్నది డాక్టరమ్మ.

మందు మార్చాక మెల్లగా తేరుకున్నాడు. తర్వాత గడ్డ కూడా తీసేశారు. కానీ గడ్డ మళ్లీ వచ్చిందేమో చూడటానికి ఏడాదికోసారి సిస్టోస్కోపీ తప్పదు. ఆయన కాస్త వణికితే చాలు, నా చెయ్యి ఆయన నుదుటి మీదికి పోతుంది.

స్కోప్ పరీక్షకు పోయేవాళ్లకు నేను చెప్పేదొకటే. కడిగి, పూర్తి టైం నానబెట్టారా అని మొహమాటం లేకుండా అడగండి. పరిచయం వాడుకుని ముందుకు పోకండి.

మొన్న ఏడాది పరీక్షకు పోయి నర్సింగ్‌హోమ్‌లో అదే బెంచీ మీద కూర్చున్నాం. పక్కనున్న ముసలాయన, "సేటూ, లోపటోళ్లు నీకు ఎరికైనోళ్లే గదా. పోరాదు" అన్నాడు.

మా ఆయన తలుపు వైపు చూసి, ముసలాయనకు చేతులు జోడించాడు.

"వద్దు పెద్దాయనా. గా గొట్టం మంచిగ నాననియ్యి. మేం గీడనే కూసుంటం."